ఏడాదికి కట్టిన బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌ను మధ్యలో మార్చేస్తే ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనంతలో చెబుతాను. మీరు విజయవాడలో ఉంటారు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 1,080, మొత్తం 7,080 రూపాయలు ఒకేసారి కట్టారు. అయిదు నెలలు గడిచాయి. ఇప్పుడు "మీ ప్లాన్ నిలిపివేశాం, వచ్చే ఒకటో తేదీ నుంచి 799 రూపాయల ప్లాన్‌కు మారుస్తున్నాం, మిగిలిన సొమ్ము కొత్త ప్లాన్‌లో సర్దుబాటు చేస్తాం" అని ఎస్‌ఎంఎస్ వచ్చింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "కంపెనీ నిర్ణయం, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. వాళ్లకు ఆ హక్కు ఉందా, ఉంటే మీరేం చేయాలి, లేకపోతే ఎవరికి చెప్పుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు డబ్బు కట్టిన పన్నెండు నెలలూ అదే ధరకు, అదే వేగంతో సేవ ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లదే. ఆ గడువు మధ్యలో మిమ్మల్ని అడగకుండా ఎక్కువ ధర ప్లాన్‌లోకి మార్చడాన్ని మీరు ఒప్పుకోనక్కర్లేదు. గడువు పూర్తయ్యాక పరిస్థితి వేరు. అప్పుడు పాత ప్లాన్‌నే కొనసాగించమని పట్టుబట్టలేరు, వాళ్లు మానేస్తే మానేసినట్లే. కానీ అప్పుడు కూడా మీరు సరేననకుండా మరో ప్లాన్ అంటగట్టి డబ్బు తీసుకునే హక్కు వాళ్లకు లేదు.

కాబట్టి చేయాల్సినవి రెండు. ఒకటో తేదీ రాకముందే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి. కొత్త ధర ప్రకారం ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఈ రెండింటిలో ఏది జారినా తర్వాత మీ వాదన బలహీనపడుతుంది.

నేను గుంటూరులో ఒక స్థానిక ఇంటర్నెట్ సంస్థలో పద్నాలుగేళ్లు పనిచేశాను. మొదటి ఆరేళ్లు స్తంభాల మీద కేబుల్ లాగి ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే పని, తర్వాత ఎనిమిదేళ్లు బిల్లింగ్ విభాగం. ఆ ఉద్యోగం వదిలేశాక తెలిసినవాళ్లకు ఇలాంటి ఫిర్యాదులు రాసిపెడుతున్నాను. అటువైపు బల్ల దగ్గర కూర్చున్న అనుభవం ఉంది కాబట్టి లోపల ఏం జరుగుతుందో కూడా చెబుతాను.

ముందు ఆ "సర్దుబాటు" అన్న మాటను లెక్క వేసి చూడండి. ఇంకా ఏడు నెలలు మిగిలి ఉన్నాయి. పన్ను పక్కన పెడితే మీ సొమ్ము వాళ్ల దగ్గర 3,500 ఉంది. దాన్ని 799తో భాగిస్తే నాలుగు నెలల పదకొండు రోజులు వస్తుంది. అంటే మీరు ఏడాదికి కట్టిన డబ్బు తొమ్మిది నెలల పదకొండు రోజులకే అయిపోతుంది. రెండు నెలల పంతొమ్మిది రోజుల సేవ పోయినట్లే. ఎస్‌ఎంఎస్‌లో ఈ సంఖ్య ఎక్కడా కనిపించదు, సర్దుబాటు అన్న మెత్తని మాటే కనిపిస్తుంది. మీ ఫిర్యాదులో ఈ లెక్క తప్పకుండా రాయండి. "నాకు అన్యాయం జరిగింది" అని పేజీ నిండా రాసినదాని కన్నా ఈ మూడు వరుసల లెక్క బాగా పనిచేస్తుంది.

ఇక లోపలి సంగతి. "ప్లాన్ నిలిపివేశాం" అనగానే అది కంప్యూటర్‌లోంచే పోయిందని అందరూ అనుకుంటారు. అలా పోదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ప్లాన్‌కూ ఒక కోడ్ ఉంటుంది. నిలిపివేయడం అంటే, కొత్తగా చేరేవాళ్లకు చూపించే జాబితాలో ఆ కోడ్ కనిపించకుండా చేయడం. అప్పటికే దాని మీద ఉన్న ఖాతాలు మామూలుగా నడుస్తూనే ఉంటాయి. మా సంస్థలో కొన్ని పాత కోడ్‌లు కొత్తవాళ్లకు ఆపేసిన నాలుగేళ్ల తర్వాత కూడా నడిచాయి. కస్టమర్ కేర్‌లో మీతో మాట్లాడే అమ్మాయికో అబ్బాయికో ఆ దాచిన కోడ్‌లు తెర మీద కనిపించవు, అందువల్ల "లేదండీ" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల మీద కోప్పడి లాభం లేదు, వాళ్ల పైవాళ్లకు చేరేలా రాయాలి.

పాత కస్టమర్లను కొత్త ధరకు మార్చే నెలలో మా దగ్గర ఏం జరిగేదో చెబుతాను. ఎవరెవరిని మార్చాలో ఒక ఎక్సెల్ షీటు వచ్చేది. ఎస్‌ఎంఎస్ పంపాక పది రోజులు ఆగేవాళ్లం. ఆ పది రోజుల్లో ఈమెయిల్ గానీ ఉత్తరం గానీ రాసి అభ్యంతరం చెప్పినవాళ్ల వరుసకు పసుపు రంగు వేసేవాళ్లం. చివరి రోజు రాత్రి షీటును సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే ముందు పసుపు వరుసలను వేరు చేసి పక్కన పెట్టమని మేనేజర్ చెప్పేవారు, ఎందుకంటే రాతలో ఉన్న అభ్యంతరానికి రేపు ఎక్కడో సమాధానం చెప్పుకోవాలి. ఫోన్ చేసి గంటసేపు గొడవపడినవాళ్ల వరుసకు ఏ రంగూ ఉండేది కాదు. వాళ్ల ప్లాన్ ఆ రాత్రే మారిపోయేది. ఆ రంగులు నా చేత్తోనే వేశాను, ఆ షీట్లు నా చేత్తోనే ఎక్కించాను. ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా డబ్బు కట్టిన పెద్దవాళ్లు ఆ షీటులో ఎంతమంది ఉన్నారో చూసిన బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరు అడిగినా మొదట చెప్పే మాట ఒకటే: ఫోన్ చేయడం వేరు, రాయడం వేరు.

ఇప్పుడు నిబంధనల సంగతి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బ్రాడ్‌బ్యాండ్ ధర ఎంత ఉండాలో ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, నిర్ణయించదు, దాన్ని సంస్థలకే వదిలేసింది. వ్యక్తిగత ఫిర్యాదులను కూడా ట్రాయ్ విచారించదు. కాబట్టి "ట్రాయ్‌కి రాస్తాను" అని బెదిరిస్తే అటువైపు ఎవరూ కదలరు. ట్రాయ్ టారిఫ్ ఉత్తర్వుల్లో ఒక మంచి నియమం ఉంది: ఒక ప్లాన్‌లో చేరిన తేదీ నుంచి కనీసం ఆరు నెలలు దాన్ని ఆ కస్టమర్‌కు కొనసాగించాలి, ఆ కాలంలో ధరలు పెంచకూడదు. అయితే అది ఫోన్ సేవలిచ్చే సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం. మీది ఇంటర్నెట్ లైసెన్సు మాత్రమే ఉన్న స్థానిక సంస్థ అయితే ఆ నియమం ఒక్కదాన్నే పట్టుకుని వాదించకండి, "ఇది మాకు వర్తించదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీ చేతిలో అంతకన్నా గట్టి ఆధారం ఉంది. అది మీ రసీదు. పన్నెండు నెలలు, 100 ఎంబీపీఎస్, 7,080 రూపాయలు అని దాని మీద ఉంటే అదే ఒప్పందం.

"ధరలు ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది" అనే వాక్యం దరఖాస్తు ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉందని చూపిస్తారు. దాదాపు అన్ని సంస్థల ఫారాల్లోనూ అలాంటి వాక్యం ఉంటుంది. ఇకముందు కట్టే డబ్బు విషయంలో దానికి కొంత విలువ ఉండవచ్చు. ముందే మొత్తం సొమ్ము తీసుకుని, సగం సేవ ఇచ్చి, మిగతా సగానికి ధర మార్చడానికి అది అనుమతి పత్రం అనుకోకండి. ఏకపక్షంగా ఉండే ఒప్పందాలను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రత్యేకంగా గుర్తించింది. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. "ఒప్పందమే అన్యాయమైనది" అని వాదించాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం ఇవ్వలేదు. అందువల్ల జిల్లా కమిషన్‌లో వేసేటప్పుడు "సేవా లోపం", "అనుచిత వ్యాపార విధానం" అనే మాటల మీదే ఫిర్యాదు నడపండి. ఇది తెలియక కష్టపడి రాసుకున్న ఫిర్యాదులు వెనక్కి వచ్చిన సందర్భాలు చూశాను.

అయితే నేరుగా కమిషన్‌కు పరుగెత్తకండి. 2012లో ట్రాయ్ తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది సంస్థ ఫిర్యాదు కేంద్రం. అక్కడ మీకు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు నంబరు, ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, అది లేకపోతే మీరు అసలు ఫిర్యాదే చేయలేదంటారు. జవాబు తృప్తిగా లేకపోతే 30 రోజుల్లోపు అదే సంస్థలోని అప్పీలు విభాగానికి రాయాలి. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ఈ అప్పీలు విభాగం ఉందని చాలామందికి తెలియదు, సంస్థలు కూడా దాని ఈమెయిల్‌ను వెబ్‌సైట్ అడుగున ఎక్కడో పెడతాయి. నేను రాసిపెట్టిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పరిష్కారమయ్యాయి, ఎందుకంటే దాచిన కోడ్‌ను తిరిగి తెరిచే అధికారం ఉన్నవాళ్ల దగ్గరికి మీ కాగితం చేరేది ఈ మెట్టులోనే.

దీనితోపాటు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, సంస్థకు పంపి జవాబు రాబడతారు. ఆ జవాబు కూడా మీకు ఒక ఆధారమే.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికాం సేవల మీద అక్కడ కేసు వేయడానికి వీల్లేదని ఒకప్పుడు సంస్థలు అడ్డం చెప్పేవి. పాత టెలిగ్రాఫ్ చట్టాన్ని చూపించే ఆ అభ్యంతరాన్ని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి దాఖలు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు ఉంటుంది. ఇప్పుడు వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కాలం మాత్రం పడుతుంది, ఆ సంగతి తెలిసే దిగండి.

ఆటోపే, అంటే ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్టే ఏర్పాటు, పెట్టుకున్నవాళ్లు ఇది చదవండి. తెనాలిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారికి ఆమె కుమారుడు యూపీఐ ఆటోపే పెట్టి విదేశానికి వెళ్లిపోయాడు. ప్లాన్ ధర 589. ఆటోపే గరిష్ఠ పరిమితి మాత్రం 2,000 అని ఉంచాడు, ఏదైనా పన్ను పెరిగితే ఆగిపోకూడదని. రెండేళ్లలో ఆమె ప్లాన్ మూడుసార్లు మారింది. ఒకసారి సినిమాల యాప్‌లు కలిపారు, ఒకసారి వేగం పెంచారు, ఒకసారి కారణమే చెప్పలేదు. ఆమె దగ్గరికి వెళ్లేసరికి నెలకు 1,178 రూపాయలు పోతున్నాయి, సరిగ్గా రెట్టింపు. డబ్బు తీసే ముందు 24 గంటల ముందుగా సమాచారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, ఆ సందేశాలు వచ్చాయి కూడా. అవన్నీ కుమారుడి పాత నంబరుకు వెళ్లాయి. ఆమె వాడేది వాట్సాప్, రాత్రి ఒక ప్రవచనం, అంతే. టీవీలో యాప్‌లను ఒక్కసారి కూడా తెరవలేదు. యాప్‌లు వాడలేదన్న వివరాలు, ముప్పై నెలల బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి అప్పీలుకు పంపాం. చివరి మార్పుకు సంబంధించిన తేడా తిరిగి ఇచ్చారు, అంతకుముందు రెండు మార్పులకు ఇవ్వలేదు, "ఇన్ని నెలలు కట్టారు కదా, అంటే ఒప్పుకున్నట్లే" అన్నారు. కొత్త ధర ప్రకారం ఒక్క రూపాయి కూడా కట్టకండని పైన అన్నది ఇందుకే. ఆటోపే పరిమితిని మీ ప్లాన్ ధరకు ఒక పది ఇరవై రూపాయల పైన మాత్రమే ఉంచండి. ధర పెరిగిన రోజున చెల్లింపు ఆగిపోతుంది, మీకు తెలిసిపోతుంది.

ధర పెరగకపోయినా ప్లాన్ మారిపోయే సందర్భాలు ఉన్నాయి. అవి పట్టుకోవడం ఇంకా కష్టం. 100 ఎంబీపీఎస్ అని అదే సంఖ్య ఉంటుంది, కానీ అప్‌లోడ్ వేగం తగ్గిస్తారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు, ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవాళ్లకు అసలు అవసరం ఆ అప్‌లోడే. "అపరిమితం" అన్న మాట అలాగే ఉంటుంది, దాని కింద నెలకు ఇన్ని జీబీల పరిమితి కొత్తగా చేరుతుంది. ఆ పరిమితి ఎంతో, అది దాటాక వేగం ఎంతకు పడిపోతుందో స్పష్టంగా చెప్పాలని, స్థిర బ్రాడ్‌బ్యాండ్‌లో ఏ ప్లాన్‌లోనైనా ఆ వేగం 512 కేబీపీఎస్ కన్నా తగ్గకూడదని ట్రాయ్ 2016లోనే ఆదేశించింది. నెల ప్లాన్ 30 రోజుల నుంచి 28 రోజులకు తగ్గిందేమో కూడా చూడండి.

ఇంకోవైపు కూడా చెప్పాలి. ప్రతి మార్పూ నష్టం కాదు. పాత ప్లాన్ మీద మమకారంతో ఎక్కువ కడుతున్నవాళ్లను కూడా చూశాను. మా బాబాయి నరసరావుపేటలో రాగి తీగ మీద వచ్చే పాత బ్రాడ్‌బ్యాండ్‌కు నెలకు వెయ్యికి పైగా కట్టేవారు, వేగం పది ఎంబీపీఎస్ కూడా దాటేది కాదు. ఫైబర్‌కు మారమని ఉత్తరం వస్తే "నన్ను బలవంతం చేస్తున్నారు" అని మండిపడ్డారు. లెక్క చూస్తే ఫైబర్ ప్లాన్ దాదాపు సగం ధరకు పది రెట్లు వేగం ఇస్తోంది. మారమని నేనే చెప్పాను. కానీ ఆయన కోపంలో ఒక న్యాయం ఉంది, అది ఉత్తరంలో ఎవరూ రాయలేదు. రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ డబ్బాకు ఇంటి కరెంటు కావాలి, కరెంటు పోతే ఫోను కూడా పోతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఇది ప్రాణం మీది విషయం. మారిన రోజే ఫైబర్ డబ్బాకు సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి కొని పక్కన పెట్టాను. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని మరవకండి.

మీ విషయంలో కూడా ఆ 799 ప్లాన్‌లో నిజంగా మీకు పనికొచ్చేది ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే కావాలని మారండి. అది మీ నిర్ణయంగా ఉండాలి.

సంస్థ మార్చేద్దామనుకుంటే, మొబైల్ నంబరులా బ్రాడ్‌బ్యాండ్‌కు పోర్టబిలిటీ లేదు. కొత్త కనెక్షన్ పనిచేయడం మొదలయ్యాకే పాతది ఆపండి. పాతవాళ్లు ఇచ్చిన రౌటర్, ఫైబర్ డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు వాటి అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి, తీసుకున్న మనిషి చేత కాగితం మీద సంతకం పెట్టించుకోండి. కేబుల్ అబ్బాయి మనకు తెలిసినవాడే కదా అని ఊరికే ఇచ్చేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఆ అబ్బాయి వేరే పనిలోకి వెళ్లిపోయి ఉంటాడు, "పరికరం రాలేదు" అని డిపాజిట్ ఆపేస్తారు.

లండన్‌లో ఉండే మా అన్నయ్య కూతురు ఒకసారి చెప్పింది: అక్కడ ఒప్పందం మధ్యలో కస్టమర్‌కు నష్టం కలిగేలా షరతులు మారిస్తే కనీసం నెల ముందు తెలియజేయాలి, జరిమానా లేకుండా బయటికి వెళ్లే హక్కు ఇవ్వాలి. అంత స్పష్టంగా మన దగ్గర కూడా ఒక నియమం రావాలి. వస్తే నేను రాసిపెట్టే ఫిర్యాదుల్లో సగం అవసరమే ఉండదు.

ఈమెయిల్‌లో ఏం రాయాలో తెలియక చాలామంది ఆగిపోతారు. ఇది వాడుకోండి, మీ వివరాలు నింపుకోండి:

"నా కస్టమర్ ఐడీ ఫలానా. ఫలానా తేదీన 12 నెలలకు 100 ఎంబీపీఎస్ ప్లాన్ కోసం రూ. 7,080 చెల్లించాను, రసీదు జతచేశాను. నా ప్లాన్‌ను రూ. 799 ప్లాన్‌కు మారుస్తున్నట్లు ఫలానా తేదీన ఎస్‌ఎంఎస్ పంపారు. ఈ మార్పుకు నేను అంగీకరించడం లేదు. మీరు చెప్పిన సర్దుబాటు వల్ల నేను డబ్బు కట్టిన సేవలో రెండు నెలల 19 రోజులు కోల్పోతాను. గడువు ముగిసే వరకు ప్రస్తుత ప్లాన్‌నే కొనసాగించండి. అది కుదరదంటే మిగిలిన ఏడు నెలల సొమ్మును జీఎస్‌టీతో సహా, రూ. 4,130, తిరిగి చెల్లించండి. డాకెట్ నంబరు తెలియజేయండి."

ఇంతకన్నా పొడవు వద్దు. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. రసీదు, ఎస్‌ఎంఎస్ స్క్రీన్‌షాట్, ఈరోజు వాళ్ల వెబ్‌సైట్‌లో కనిపిస్తున్న ప్లాన్ల పేజీ ఫొటో జతచేయండి. ఆ పేజీ రేపటికి మారిపోవచ్చు. మీ రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచే పంపండి, లేకపోతే "కస్టమర్ ఎవరో నిర్ధారణ కాలేదు" అని పక్కన పెడతారు.

ఒకటో తేదీకి ఎన్ని రోజులుందో మీరు రాయలేదు. ఎన్ని ఉన్నా ఈ రాత్రికే పంపండి. డాకెట్ నంబరు వచ్చాక, వాళ్ల జవాబును కస్టమర్ ఐడీ చెరిపేసి ఇక్కడ పెట్టండి. అప్పీలు అవసరమైతే అందులో ఏం రాయాలో ఆ జవాబు చూసి చెబుతాను.